మరణ కారణం: జ్వరం

మా ఊరి గ్రామ పంచాయతీ కార్యాలయంలో, ఇనుప బీరువా కింది అరలో, జనన మరణాల రిజిస్టర్లు ఉంటాయి. 2021 సంవత్సరపు పుస్తకంలో మే నెల కింద మా చిన్నాయన పేరు ఉంది. తండ్రి పేరు, వయస్సు, చనిపోయిన తేదీ, చనిపోయిన చోటు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరణ కారణం అన్న గడిలో మాత్రం ఒకే ఒక్క మాట ఉంది: జ్వరం. ఆ మాట రాసింది పంచాయతీ కార్యదర్శి. రాయమని చెప్పింది నేను.

పాత నల్గొండ జిల్లా, పాత పాలమూరు జిల్లా ఒకదాన్నొకటి తాకే చోట, డిండి వాగుకు మరీ దూరం కాని పల్లె మాది. మండల పరిషత్ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన నాకు, రిజిస్టరులో ఒక గడిని తప్పుగా నింపితే ఆ తప్పు ఎంత దూరం పోతుందో తెలియక కాదు. ఊళ్లో రాసింది మండలానికి, మండలం నుండి జిల్లాకు, అక్కడి నుండి హైదరాబాద్‌కు, ఆ తరువాత ఢిల్లీకి చేరుతుంది. దారిలో ఎవరూ దాన్ని మళ్లీ విప్పి చూడరు. కరోనా కాలంలో సర్కారు వైద్యం ఎట్లా నడిచిందో సర్కారు జవాబు చెప్పాలని అందరం అంటూనే ఉన్నాం, నేనూ అన్నాను. ఆ జవాబు ఎక్కడ తెగిపోయిందో వెతుక్కుంటూ పోతే, దాని ఒక కొస మా ఊరి బీరువాలోనే, నేను చెప్పి రాయించిన ఆ మాట దగ్గరే తేలింది.

2021 ఏప్రిల్ ఆఖరులో చిన్నాయనకు ఒళ్లు వెచ్చబడింది. పుణెలో మేస్త్రీ పనికి పోయిన తమ్ముడు అప్పటికి నెల రోజుల కిందటే ఇంటికి వచ్చి ఉన్నాడు, వాడికి ఏమీ కాలేదు. పరీక్ష చేయిద్దామని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతే, ఆ రోజుకు వచ్చిన ర్యాపిడ్ కిట్లు పొద్దున తొమ్మిదిన్నరకే అయిపోయాయని, మరుసటి రోజు తెల్లవారుజామున వచ్చి వరుసలో నిలబడమని చెప్పారు. రెండో రోజూ అదే మాట. మూడో రోజు ఆయన నిలబడే స్థితిలో లేడు. ఆర్‌ఎంపీ డాక్టరు ఇంటికొచ్చి సెలైను ఎక్కించాడు. ఇంటింటి జ్వర సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త, చేతికి తొడుగు కూడా లేకుండానే, మాత్రల కిట్టు ఇచ్చి పేరు రాసుకుపోయింది. ఆ అమ్మాయి పొద్దుననగా వచ్చి ఊరంతా తిరిగేది. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దేశంలోని ఆశాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో పురస్కారం ఇచ్చినప్పుడు, ఆమె నెల జీతం ఎంతో ఎవరైనా అడిగి ఉంటే, ఆమెకు జీతమే లేదు, చేసిన పనికి ఇంతని పారితోషికమే అన్న సంగతి బయటపడి ఉండేది.

అయిదో రోజున పట్నంలో ఒక ప్రైవేటు స్కానింగ్ కేంద్రంలో సీటీ స్కాన్ తీయించాము. ఫిల్మ్ చూసిన డాక్టరు పేపరు మీద ఏమీ రాయలేదు కానీ, ఆక్సిజన్ ఉన్న చోటికి వెంటనే తీసుకుపొమ్మన్నాడు. ఒక ప్రభుత్వ ఆసుపత్రికి పోతే పడక లేదన్నారు, వరండాలో అప్పటికే ఇద్దరు ముగ్గురు ఒక్కొక్క సిలిండరును పంచుకుంటున్నారు. రెండు ప్రైవేటు ఆసుపత్రుల్లో ముందుగా కట్టమన్న మొత్తం మా చేతిలో లేదు. ప్రైవేటు ఆసుపత్రుల్లో సాధారణ వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటరుతో అయితే 9,000 రూపాయలకు మించి తీసుకోకూడదని రాష్ట్ర ప్రభుత్వం 2020 జూన్‌లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు నకలు నా ఫోనులో ఉంది. రాత్రి పదకొండు గంటలకు బిల్లింగ్ కిటికీ దగ్గర దాన్ని చూపించి ఎవరితో వాదించాలో మాత్రం ఆ ఉత్తర్వులో లేదు. తిరిగి ఇంటికి తెచ్చుకున్నాము. తెల్లవారకముందే పోయాడు.

మూడో రోజు కార్యదర్శి ఇంటికే వచ్చాడు. చిన్న వయసు పిల్లవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. "సార్, కారణం ఏం రాయమంటరు?" అని నన్నడిగాడు. ఇంట్లో చనిపోయినవారికి డాక్టరు ఇచ్చే మరణ కారణ ధ్రువపత్రం ఉండదు, కాబట్టి ఇంటివాళ్లు ఏది చెబితే అదే రాస్తారు. నేను నోరు తెరిచేలోపు చిన్నమ్మ తలుపు చాటు నుండి, "కరోన అని రాస్తే మంది మన గడప తొక్కరు బిడ్డా, జరమని రాయించు" అన్నది. పదిహేను రోజుల కింద పక్క వాడలో ఒక ముసలామెను మోయడానికి నలుగురు దొరకక ట్రాక్టరులో తీసుకుపోయిన సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. "జ్వరమని రాయి నాయనా" అన్నాను. అబద్ధం కూడా కాదు కదా అనుకున్నాను.

ఆ సంవత్సరం జూన్ 30వ తేదీన సుప్రీంకోర్టు, విపత్తు నిర్వహణ చట్టం కింద కోవిడ్ మృతుల కుటుంబాలకు కనీస సాయం అందించవలసిందేనని చెప్పింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 50,000 రూపాయలని నిర్ణయించగా, అక్టోబరు 4న కోర్టు దాన్ని ఆమోదించింది. తమ్ముడు మీసేవలో దరఖాస్తు పెట్టాడు. నిబంధన ఏమిటంటే, ఆర్‌టీపీసీఆర్ పరీక్షగానీ ర్యాపిడ్ పరీక్షగానీ పాజిటివ్ రావాలి, లేదా ఆసుపత్రిలో చేరినప్పుడు వైద్యం చేసిన డాక్టరు ఇది కోవిడేనని పరీక్షల మీద నిర్ధారించి ఉండాలి. ఆ తరువాత ముప్పై రోజుల్లోపు మరణించి ఉండాలి. ఈ పత్రాలు లేనివారి సంగతి తేల్చడానికి ప్రతి జిల్లాకు ఒక కమిటీ వేశారు. చిన్నాయనకు పరీక్ష జరగలేదు, ఎందుకంటే కిట్లు లేవు. ఆసుపత్రిలో చేరలేదు, ఎందుకంటే పడక లేదు. డాక్టరు కాగితం మీద ఏమీ రాయలేదు. పంచాయతీ రిజిస్టరు చూస్తే జ్వరమని ఉంది. కమిటీ మా దరఖాస్తును తిరస్కరించింది, నిబంధన ప్రకారం చూస్తే ఆ కమిటీ తప్పు చేయలేదు. ఏ లోపం వల్ల మనిషి పోయాడో, ఆ లోపమే అతను అందువల్ల పోలేదనడానికి రుజువుగా నిలబడింది. నా సర్వీసులో చాలా చిత్రమైన ఫైళ్లు చూశాను గాని ఇటువంటిది చూడలేదు.

మాది ఒక్క ఇంటి కథ అయితే నేను ఇంత దూరం రాసేవాణ్ణి కాదు. 2022 జనవరిలో ఈ సాయం విషయం మళ్లీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, తెలంగాణలో అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాలు దాదాపు 4 వేలు కాగా, పరిహారం కోరుతూ వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. వచ్చిన దరఖాస్తులన్నీ నిజమైనవేనని నేను అనను. డబ్బు ఉన్న చోట దొంగ కాగితం ఒకటో రెండో దూరుతుందని నాకంటే బాగా తెలిసినవాడు ఎవడు? అయినా ఏడింతల తేడాను దొంగ కాగితాల మీద నెట్టివేయలేము. దేశం మొత్తానికి కూడా ఇదే తీరు. 2020, 2021 సంవత్సరాలలో భారతదేశంలో మామూలుగా సంభవించే మరణాల కంటే సుమారు 47 లక్షలు ఎక్కువగా జరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో అంచనా కట్టింది. ఆ రెండేళ్లకు మన సర్కారు లెక్కలో కోవిడ్ మరణాలు సుమారు 4.8 లక్షలు. కేంద్ర ప్రభుత్వం ఆ అంచనా పద్ధతిని ఒప్పుకోలేదు. పద్ధతి మీద తగవు ఉండవచ్చు. అయితే ఆ పద్ధతి అవసరమైంది మన రిజిస్టర్లు చెప్పవలసింది చెప్పకపోవడం వల్లనే కదా.

2021 జూలై 20న, ఆక్సిజన్ అందక ఎంతమంది చనిపోయారని రాజ్యసభలో అడిగితే, ఆరోగ్యం రాష్ట్రాల జాబితాలోనిదని, ఆక్సిజన్ కొరత వల్ల మరణించారని రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని కేంద్రం జవాబిచ్చింది. ఆ రోజు టీవీలో ఆ మాట విని నేను బూతులు తిట్టాను, ఒప్పుకుంటాను. తరువాత ఆలోచిస్తే చెమట పట్టింది. కేంద్రం రాష్ట్రాలు చెప్పలేదన్నది. రాష్ట్రాలు జిల్లాలు చెప్పలేదంటాయి. జిల్లా మండలాన్ని, మండలం ఊరిని చూపిస్తుంది. ఊళ్లో ఉన్నది జ్వరం. ఢిల్లీలో చెప్పిన ఆ జవాబులో అట్టడుగు మెట్టు నేను వేసిందే.

అయితే ఈ తప్పంతా భయపడిన ఇళ్లదీ, చెప్పినట్టు రాసిన కార్యదర్శులదీ అంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. లెక్క తేలకుండా ఉండడమే సుఖమని పైవాళ్లు ముందే అనుకున్నారనడానికి ఆధారాలు ఉన్నాయి. 2020 వేసవిలో తెలంగాణలో పరీక్షలు మరీ తక్కువగా చేస్తున్నారని హైకోర్టు పదే పదే మందలించింది. ఆసుపత్రుల్లో చనిపోయినవారి మృతదేహాలకు కూడా పరీక్షలు చేయాలని ఆ మే నెలలో ఆదేశిస్తే, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయి జూన్‌లో ఆ ఆదేశం మీద స్టే తెచ్చుకుంది. కిట్లు వృథా అవుతాయన్న వాదనలో ఆ రోజుకు కొంత పస ఉందేమో. కానీ బతికి ఉన్నవారికి పరీక్ష చేయడానికి కిట్లు లేక, చనిపోయినవారికి పరీక్ష చేయడానికి ఉత్తర్వు లేక, ఒక మనిషి లెక్కలోకి ఎక్కే దారి ఏది?

బ్రిటన్‌లో 2022లో ఒక మాజీ న్యాయమూర్తి అధ్యక్షతన కోవిడ్ విచారణ మొదలైంది. మంత్రులను, ప్రధానులుగా పనిచేసినవారిని కూర్చోబెట్టి ప్రమాణం చేయించి అడిగారు, వాట్సాప్ సందేశాలు సైతం తెప్పించుకున్నారు, 2024 జూలైలో మొదటి నివేదిక వెలువడింది. మన దగ్గర అటువంటిది ఏదీ జరగలేదు. అంత పెద్ద విచారణ వస్తుందని నేను ఎదురుచూడడం లేదు కూడా. నేను అడుగుతున్నది చాలా చిన్నది: 2021 ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఏ దవాఖానలో ఏ రోజున ఏది లేకపోయిందో ఎక్కడైనా రాసి ఉందా? రాసి ఉంటే చూపండి.

ఆ ప్రశ్న నేను సమాచార హక్కు చట్టం కింద అడిగాను. మండల స్థాయి కార్యాలయమైతే దరఖాస్తు రుసుము 5 రూపాయలు, పై కార్యాలయాలకు 10. అడిగింది నాలుగు సంగతులు: 2021 ఏప్రిల్ నుండి జూన్ వరకు ర్యాపిడ్ కిట్ల నిల్వ సున్నాకు చేరిన తేదీలు, ఆక్సిజన్ సిలిండర్లు, కాన్సన్‌ట్రేటర్ల సంఖ్య, మంజూరైన డాక్టరు, నర్సు పోస్టులలో ఖాళీలు, పడక లేదని తిప్పి పంపినవారి పేర్లు రాసే రిజిస్టరు ఏదైనా ఉన్నదా అన్నది. వేరే కార్యాలయానికి చెందిన సమాచారమైతే అయిదు రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలని చట్టం చెబుతుంది. ఆ ఒక్క నిబంధనను మాత్రం అందరూ శ్రద్ధగా పాటించారు. నా దరఖాస్తు ముక్కలై మూడు చోట్లకు పోయింది.

మూడు చోట్లకు పోవడంలో వాళ్ల దురుద్దేశం ఏమీ లేదు, వ్యవస్థే అట్లా ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ప్రజారోగ్య సంచాలకుల కింద ఉంటుంది. ఏరియా ఆసుపత్రి వైద్య విధాన పరిషత్తు కింద. మెడికల్ కాలేజీకి అనుబంధమైన పెద్దాసుపత్రి వైద్య విద్యా సంచాలకుల కింద. మందులు, పరికరాలు కొనేది వేరే కార్పొరేషను, జీతాల్లో కొంత భాగం వచ్చేది జాతీయ ఆరోగ్య మిషను నుండి. రోగి మాత్రం ఒక్కడే. ఊళ్లో మొదలై పట్నం దాకా ఒకే రాత్రిలో ఈ శాఖలన్నిటి గడపా తొక్కుతాడు. అతను పోయిన తరువాత ఏ శాఖకు ఆ శాఖ తన గడప దాటిన సంగతి తనకు సంబంధం లేదంటుంది.

మన ప్రాంతానికి ఈ చిక్కు మరింత ఎక్కువ. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో, సూర్యాపేటలో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు గుండె నొప్పి వస్తే ఉస్మానియాకో గాంధీకో పోవలసిన పాలమూరుకు ఇది చిన్న మేలు కాదు, ఆ సంగతి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కాలేజీ వచ్చిన చోటల్లా జిల్లా ఆసుపత్రి ఒక శాఖ చేతిలో నుండి ఇంకో శాఖ చేతిలోకి మారింది. బోర్డు మారినప్పుడు పాత రిజిస్టర్లు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నకు నాకు వచ్చిన జవాబు, "ఆ కాలపు సమాచారం ఈ కార్యాలయంలో లభ్యం కాదు" అన్నది. మొదటి అప్పీలులోనూ అదే. రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషనుకు పెట్టుకోవాలి; కానీ 2023 ఫిబ్రవరి తరువాత రెండేళ్లకు పైగా ఆ కమిషనులో ఒక్క కమిషనరు కూడా లేరు, 2025 మేలో గాని నియామకాలు జరగలేదు. అడిగే హక్కు చట్టంలో భద్రంగా ఉంది, వినే కుర్చీ ఖాళీగా ఉంది.

ఆక్సిజన్ ప్లాంట్ల సంగతీ చెప్పాలి. దేశంలోని అన్ని జిల్లాల్లోనూ పీఎస్ఏ ప్లాంట్లు ప్రారంభమయ్యాయని 2021 అక్టోబరు 7న ప్రధాని ప్రకటించారు. గాలిని పీల్చుకుని, జియోలైట్ పొరలో నత్రజనిని ఆపి, దాదాపు 93 శాతం శుద్ధమైన ఆక్సిజన్ ఇచ్చే యంత్రం అది. దానికి ఆగని కరెంటు కావాలి, తెలిసిన ఆపరేటరు కావాలి, వేళకు ఫిల్టర్లు మార్చాలి. లేకపోతే శుద్ధి తగ్గిపోతుంది. మన వ్యవసాయ బావి మోటారుకు ఉన్నంత చాకిరీ దానికీ ఉంది. శిలాఫలకం మీద తేదీ ఉంటుంది. నేను చూడదలచింది ఆ పక్కన వేలాడవలసిన లాగ్ పుస్తకం: నెలకు ఎన్ని గంటలు నడిచింది, శుద్ధి ఎంత చూపింది, చివరిసారి మరమ్మతు ఎప్పుడు.

ఇట్లా అడగడం మన జిల్లాలకు కొత్తేమీ కాదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పల్లెల్లో నీళ్లు మనుషుల ఎముకలు వంచిన కాలంలో, ప్రతి బావి నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో సీసాల్లో పట్టి కొలిచారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ఒక గీత ఉంది, ఏ ఊరు ఆ గీతకు ఎంత పైన ఉందో కాగితం మీద ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందిస్తే, దానికి ప్రపంచమంతటా నల్గొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. మన బాధకు దక్కిన ఆ కీర్తి ఎవరికి కావాలన్నది వేరే మాట. శివన్నగూడెం అంశల స్వామి లాంటి వాళ్లు తమ వంగిన ఒంటినే సాక్ష్యంగా తెచ్చి పాలకుల ముందు నిలబెట్టారు. జవాబు రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పథకపు పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో వెలిసేనాటికి ఒక తరం అయిపోయింది. అయినా ఆ దశాబ్దాలలో ఏ ప్రభుత్వమూ, ఫ్లోరైడ్ వల్ల బాధపడుతున్నట్టు మాకు నివేదిక అందలేదని అనగలిగే స్థితిలో లేకపోయింది, ఎందుకంటే అంకె ముందే రాసి ఉంది.

కరోనాకు ఆ అంకె లేదు. ఊరి స్థాయిలో రాయడానికి, అడగడానికి ఏర్పాటు లేదా అంటే, కాగితం మీద ఉంది. ప్రతి గ్రామానికి ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఉండాలి, దానికి సంవత్సరానికి 10,000 రూపాయల నిధి ఇవ్వాలని జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను నాటి నుండీ ఉంది. ఆ కమిటీకి పంచాయతీ ప్రజాప్రతినిధి పెద్దగా ఉండాలి. 2024 ఫిబ్రవరి నుండి సర్పంచులే లేక, దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారులతో పంచాయతీలు నడిచాయి. ఒక్కొక్క అధికారికి మూడు నాలుగు ఊళ్లు. కమిటీ కూర్చున్నట్టు మా ఊళ్లో ఎవరూ చూడలేదు. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది, గడువు 2020. మన రాష్ట్రం ఆ మెట్టు ఎక్కలేదు. ఈ అంకె పేపర్లలో వచ్చి పోతుంది గానీ ఊరి సభలో దాన్ని అడిగేవాడు లేడు.

కొత్త పంచాయతీ వచ్చిన తరువాత, కార్యదర్శి అనుమతితో, అతని ముందే కూర్చుని పాత రిజిస్టర్లు తిరగేశాను. అప్పటి కార్యదర్శి బదిలీ అయిపోయాడు, ఈయన వేరే. 2018, 2019 సంవత్సరాల ఏప్రిల్, మే, జూన్ నెలలు ఒక వైపు, 2021లోని అవే మూడు నెలలు ఇంకో వైపు పెట్టుకుని చూశాము. మామూలు ఏడాదిలో ఒక పేజీలో సగం కూడా నిండని మూడు నెలలు ఆ ఏడాది పేజీ తిప్పించాయి. కారణాల గడిలో వరుసగా జ్వరం, దమ్ము, గుండెపోటు, జ్వరం, వృద్ధాప్యం, దమ్ము. వృద్ధాప్యమని రాసిన ఒకాయన నాకంటే నాలుగేళ్లు చిన్న. మా ఇద్దరికీ ఏమీ మాట్లాడబుద్ధి కాలేదు.

ఈ పని చేయడానికి శాస్త్రవేత్తలు అక్కరలేదు. ప్రతి ఊరి రిజిస్టరులోని ఆ మూడు నెలలను కరోనాకు ముందటి రెండేళ్లతో పోల్చి, ఎక్కువైన పేర్ల ఇళ్లకు ఆశా, ఏఎన్ఎం పోయి, పరీక్ష జరిగిందా, పడక దొరికిందా, ఆక్సిజన్ అందిందా అని మూడు ప్రశ్నలు అడిగి రాసుకుంటే చాలు. మండలానికి వారం రోజుల పని. బాలింత చనిపోతే ఎందుకు చనిపోయిందో ఇంటికి పోయి విచారించే పద్ధతి మన ఆరోగ్య శాఖలో ఇప్పటికే ఉంది. ఏఎన్ఎంలకు ఆ ఫారాలు నింపడం కొత్త కాదు. ఆ కాగితం ఉంటే, పడక లేదన్న ఆసుపత్రి తన వైపు మాట తాను చెప్పుకోవచ్చు, కిట్లు పంపని కార్పొరేషను తనది తాను చెప్పుకోవచ్చు. ఆ రాత్రి వరండాలో పరుగెత్తిన డ్యూటీ డాక్టరుకు కూడా ఆ కాగితమే రక్షణ. లేకపోతే జనం కోపమంతా ఎదురుగా కనిపించే ఆమె మీదనే పడుతుంది.

కిందటి గ్రామసభలో ఈ విషయం మీద తీర్మానం పెట్టించాను. ఒకాయన లేచి, అయిదేళ్ల కిందటి పీనుగులను ఇప్పుడెందుకు లేపుతున్నావని అడిగాడు. చిన్నమ్మ ఆడవాళ్ల వరుసలో వెనక కూర్చుని ఉంది. ఏమీ అనలేదు గాని, సభ అయిన తరువాత ఇంటికి రమ్మని, ట్రంకు పెట్టెలో చీరల అడుగున దాచిన సీటీ స్కాన్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. తీర్మానం తొమ్మిది చేతులు ఎత్తగా నెగ్గింది. దాని నకలు, స్కాన్ ఫిల్మ్ నకలు జతచేసి, చిన్నాయన నమోదులో మరణ కారణాన్ని సరిదిద్దాలని ఒక దరఖాస్తు, మండలంలోని అన్ని ఊళ్ల రిజిస్టర్లలో ఆ మూడు నెలల సంఖ్యలు ఇవ్వాలని సమాచార హక్కు చట్టం కింద ఇంకొక దరఖాస్తు పెట్టాను. మొదటిదానికి అర్హత గల డాక్టరు ధ్రువపత్రం తెమ్మన్నారు. రెండోదానికి 5 రూపాయల రసీదు ఇచ్చారు. ముప్పై రోజుల గడువు వచ్చే నెల మొదటి వారంలో ముగుస్తుంది.